అరపాయింటు

పరీక్ష రాసి వచ్చిన కుర్రవాణ్ణి, "ప్యాసవుతావా, తప్పుతావా?" అని అడుగుతాం. కోర్టునుంచి వచ్చిన పెద్దమనిషిని, "గెలిచామా, పోయిందా?" అని అడుగుతాం. చదరంగం పోటీకి వెళ్ళివచ్చిన భర్తను ఇల్లాలు, "గెలిచారా, ఓడారా?" అని అడుగుతుంది. అడిగేవాళ్ళందరి వుద్దేశంలోనూ జవాబులు రెండే.

చదరంగంలో మూడో జవాబు ఒకటుంది. "డ్రా అయింది" అని చెప్పిచూడండి. "ఓస్, ఇంతేనా! పొద్దుననగా వెళ్ళి సాయంత్రందాకా కూర్చుని, చివరికి అటూ ఇటూ కాకుండా వచ్చారా?" అంటారు. గెలిచివస్తే కాఫీ కాస్త చిక్కగా దొరుకుతుంది. ఓడివస్తే జాలిపడి రెండు పకోడీలు ఎక్కువ వేస్తారు. డ్రా చేసుకువచ్చినవాడికి ఆ రెండూ లేవు.

ఆ మూడో జవాబు ఎంత కష్టపడితే దక్కుతుందో, చేతికందినప్పుడు దాన్ని కాదన్నవాడు ఏమవుతాడో, నాకు అరవై దాటాక తెలిసివచ్చింది. తెలియజెప్పినవారు మా పక్కింటి మాస్టారు.

మాస్టారికీ నాకూ ఆరేళ్ళుగా మాటల్లేవు. కారణం చెబితే నవ్వేవాళ్ళు నవ్వుతారు గాని, సొంతిల్లు కట్టుకున్నవాళ్ళెవరూ నవ్వరు. 2019లో ఆయన మా రెండిళ్ళకూ మధ్య ప్రహరీగోడ కట్టించారు. అది జానెడు నా స్థలంలోకి వచ్చిందని నేనన్నాను. రాలేదు సరికదా, తానే జానెడు వదిలి కట్టించానని ఆయనన్నారు. కొలిచేవారిని పిలిపించాం. మొదటిసారి వచ్చినాయన లెక్క నాకు నచ్చలేదు. రెండోసారి వచ్చినాయన లెక్క మాస్టారికి నచ్చలేదు. అంతటితో మాటలు ఆగిపోయాయి. గోడ మాత్రం ఎక్కడున్నది అక్కడే వుంది.

ఆ గోడ మీదుగా ఆడవాళ్ళ వ్యవహారం ఒక్కరోజు కూడా ఆగలేదు. మా పెరట్లో కరివేపాకు అటు వెడుతూనే వుంది. వాళ్ళ మునగకాడలు ఇటు వస్తూనే వున్నాయి. ఆ కాడలు వేసిన పులుసు నేను మారు వడ్డించుకుని తింటూనే వున్నాను. మాట్లాడుకోనిది మేమిద్దరమే.

వచ్చిన చిక్కేమిటంటే, ఇద్దరం ఒకే చదరంగం క్లబ్బులో సభ్యులం. క్లబ్బనగానే పెద్ద భవనం వూహించుకోకండి. ఒక గది, నాలుగు బల్లలు, పది బోర్డులు, కిర్రుమనే ఫ్యాను. వచ్చేది రిటైరయినవాళ్ళూ, బడిపిల్లలూ. మాబోటివాళ్ళను క్లబ్బు ఆటగాళ్ళంటారు. అంటే, ఇంట్లో అందర్నీ ఓడించి, ఆ ధైర్యంతో పోటీకి వెళ్ళి, అక్కడ ఏడోతరగతి అమ్మాయి చేతిలో ఓడివచ్చేవాళ్ళన్నమాట. పుస్తకాలు చదివామండీ, చదవకపోలేదు. చదివింది సమయానికి గుర్తుకురాదు. అసలైన ఆటగాళ్ళకూ మాకూ వున్న తేడా అదే.

మా క్లబ్బు కార్యదర్శి బుద్ధిమంతుడు. ఈ ఆరేళ్ళలో మా ఇద్దర్నీ ఒక్కసారయినా ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టలేదు. నేను కిటికీ పక్కనయితే మాస్టారు తలుపు పక్కన. అలా రోజులు వెళ్ళిపోతూ వుండగా, 2024 డిసెంబరు 12న సింగపూరులో గుకేష్ ప్రపంచ విజేత అయ్యాడు. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన కుర్రవాడు, అప్పటికి 18 ఏళ్ళవాడు, చైనాకు చెందిన డింగ్ లిరెన్‌ను 14 ఆటల పోటీలో ఏడున్నర, ఆరున్నర పాయింట్ల తేడాతో ఓడించాడు. ఇంకేముంది, మా గదిలో పిల్లలకు చోటు చాలలేదు. ఆ వుత్సాహంలోనే 2025 సంక్రాంతి వెళ్ళాక ఒక కల్యాణమండపంలో రెండురోజుల పోటీ పెట్టారు.

పోటీలో జతలు కూర్చేది కార్యదర్శి కాదు, కంప్యూటరు. గెలిస్తే ఒక పాయింటు, ఓడితే సున్న, డ్రా అయితే చెరి అర. ఎవరెవరికి ఇంచుమించు సమానంగా పాయింట్లున్నాయో చూసి, వాళ్ళను తరవాతి ఆటకు జతచేస్తుంది. నాలుగు ఆటలు అయ్యేసరికి నాకు రెండున్నర వచ్చాయి. మాస్టారికీ రెండున్నరే వచ్చాయి. కంప్యూటరుకు మా ప్రహరీగోడ సంగతి తెలియదు.

గోడకు అంటించిన కాగితంలో నా పేరుకు ఎదురుగా ఆయన పేరు చూసి, కార్యదర్శి వంక చూశాను. ఆయన రెండు చేతులూ పైకెత్తి, తన చేతిలో ఏమీ లేదన్నట్టు తిప్పేశాడు.

చదరంగంలో ఒక మర్యాద వుంది. ఆట మొదలుపెట్టేముందు ఎదుటివాడితో చెయ్యి కలపాలి. కలపకుండా కూర్చుంటే చూసేవాళ్ళకు బాగుండదు. కలిపాం. మాస్టారి చెయ్యి చల్లగా వుంది. నా చెయ్యీ అంతకంటె వెచ్చగా ఏమీ లేదు.

తెల్లబలం నాది. ఇద్దరం చదివింది ఒకే కాలపు పుస్తకాలు కాబోలు, రాజుముందు బంట్లను రెండేసి గళ్ళు జరిపి, గుర్రాలు దూకించి, శకట్లను బయటికి తీసి, ఇటలీవాళ్ళ పేరుతో పిలిచే పాత పద్ధతిలో ఆట నడిపించాం. సాహసాలు ఎవరూ చెయ్యలేదు. సాహసం చెయ్యాలంటే ఎదుటివాడిమీద కాస్త ఇష్టం వుండాలి. మేం ఒకరి పావులను ఒకరం, బాకీ తీర్చుకున్నట్టు, చెరి ఒకటిగా కొట్టుకుంటూ పోయాం.

22వ ఎత్తు దగ్గర మాస్టారు గుర్రాన్ని జరిపి, గడియారం మీట నొక్కేముందు ఆగారు. డ్రా కోరే పద్ధతి అదే. తన ఎత్తు వేసి, మీట నొక్కకముందే అడగాలి. ఒప్పుకోవడం, మానడం ఎదుటివాడి ఇష్టం. మాస్టారు తలెత్తకుండానే అడిగారు: "డ్రా?"

ఆరేళ్ళలో ఆయన నాతో అన్న మొదటిమాట అది.

ఆట అప్పటికి సరిసమానంగా వుంది. ఎవరు చూసినా ఆ మాటే అంటారు. ఒప్పుకుంటే ఆయనకు అర, నాకు అర. ఇద్దరం వెళ్ళి వేడివేడిగా భోజనం చెయ్యవచ్చు. కాని సగం అనేసరికి నాకు ఆ జానెడు స్థలం గుర్తుకువచ్చింది. అక్కడ పోగొట్టుకున్నది చాలక ఇక్కడ కూడా వదులుకోవాలా అనిపించింది. తల అడ్డంగా వూపాను. కాదని నోటితో చెప్పడానికి కూడా నాకు మనసొప్పలేదు. మాస్టారు మీట నొక్కి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ బోర్డుమీదికి వంగారు.

తరవాత రెండు గంటలు ఆడాం. చెప్పుకోకూడదు గాని, ఆ రెండు గంటలూ నేను బాగానే ఆడాను. ఒక బంటు మార్పిళ్ళలో కలిసివచ్చింది. ఇంకొకటి మాస్టారు చూసుకోక పోగొట్టుకున్నారు. 51 ఎత్తులు అయ్యేసరికి బోర్డుమీద మిగిలింది చాలా కొద్ది. నాకు రాజు, ఒక శకటు, రెండు బంట్లు. ఆయనకు రాజు, ఒక గుర్రం. అంతే.

చదరంగం రానివారు ఇక్కడ పేజీ తిప్పకండి. ఇకముందు చెప్పేదానికి రెండు సంగతులు తెలిస్తే చాలు. ఒకటి, బంటు ఒక్కొక్క గడే ముందుకు పోయి, అవతలి చివరి గడి చేరితే మంత్రి అవుతుంది. మంత్రి వచ్చిందా, ఒంటరి రాజుకు ఆటకట్టు ఎంతోసేపు పట్టదు. రెండు, శకటు ఏటవాలుగా పోతుంది. కొందరిళ్ళలో దాన్ని ఒంటె అంటారు. ఏటవాలుగా పోతుంది గనక, తెలుపు గడిలో బయల్దేరిన శకటు ఆట ముగిసేదాకా తెలుపు గళ్ళలోనే తిరుగుతుంది. నల్లగడి దానికి పక్కింటి పెరడు. కళ్ళెదుటే వుంటుంది, కాలుపెట్టడానికి వీల్లేదు.

నాకు మిగిలింది తెలుపు గళ్ళ శకటు.

ఇంట్లో పిల్లల బోర్డు వుంటే ఒకసారి ముందు పెట్టుకోండి. తెలుపు పక్షాన కూర్చుని చూస్తే, మీ కుడిచేతి దగ్గర మూల తెలుపుగా వుండాలి. అలా వుంటే, కుడివైపునే అవతలి మూల నలుపు అవుతుంది. ఆ చివరి నిలువు వరుసలో నా బంటు ఒకటి నాలుగో గడిలో వుంది. దాని పక్క నిలువు వరుసలో రెండో బంటు అయిదో గడిలో వుంది. ఆ రెండో బంటుకు ఎడంపక్కనే నా రాజు. శకటు వెనక కాపలాగా వుంది. మాస్టారి రాజు ఎదురుగా చిట్టచివరి అడ్డవరుసలో, ఆ నల్లమూలకు ఒక్క గడి ఇవతల వుంది. దాని పక్కనే గుర్రం.

ఎత్తు నాది. చూడగానే లోపలి బంటును, అదే అయిదో గడిలో వున్నదాన్ని, ముందుకు తోశాను. ఎందుకు తోశానని ఇప్పుడడిగితే సరయిన కారణం చెప్పలేను. అది రాజు ముఖంమీదికి పోయే ఎత్తు. చూడడానికి దర్జాగా వుంటుంది. ఇంకో రెండు ఎత్తుల్లో మాస్టారు ఓటమి ఒప్పుకుని చెయ్యి చాస్తారు, ఆ ముచ్చట తొందరగా చూడాలి. నా మనసులో వున్నది అదీ. బోర్డును చూసి వెయ్యవలసిన ఎత్తును మనిషిని చూసి వేశాను.

మాస్టారు పదకొండు నిమిషాలు ఆలోచించారు. ఆయన గడియారంలో మిగిలినవి పదిహేనో పదహారో. ఎత్తుకొక 30 సెకన్లు కలిసివస్తాయి గనక సరిపోయిందిగాని, చూస్తున్న పిల్లలే కంగారుపడ్డారు. చివరికి గుర్రాన్ని తీసి, నేను తోసిన ఆ బంటును కొట్టారు. ఆ బంటుకు నా రాజు అండగా వుంది. అంటే గుర్రాన్ని తెలిసి తెలిసి నా రాజుకు ఇచ్చివేశారన్నమాట.

నాకు ఆనందంతో చెవులు వేడెక్కాయి. ఆశ వదులుకున్నారనుకున్నాను. ఇంకో ఆలోచన లేకుండా గుర్రాన్ని కొట్టేశాను. కొట్టకపోయినా లాభం లేదు లెండి. ఆ గుర్రం అక్కడినుంచి నా రెండో బంటుమీద కూడా కన్నేసింది. మాస్టారు అప్పుడు నింపాదిగా, రాజును ఒక్క గడి పక్కకు జరిపి, ఆ నల్లమూలలో కూర్చోబెట్టారు. మీట నొక్కారు. కుర్చీలో వెనక్కి వాలారు.

ఆయన అలా వెనక్కి వాలేసరికి నాకు అనుమానం వచ్చింది. బోర్డు వంక చూశాను. ముప్ఫయ్యేళ్ళ కిందట చదివిన పుస్తకంలో ఒక బొమ్మ అప్పుడు గుర్తుకువచ్చింది. గుర్తుకురావలసిన సమయానికి ఒక్క ఎత్తు ఆలస్యంగా!

సంగతేమిటంటే, నాకు మిగిలిన బంటు చిట్టచివరి వరుసలోది. అది మంత్రి కావాలంటే ఆ నల్లమూల చేరాలి. ఆ మూలలో మాస్టారి రాజు కూర్చున్నది. దాన్ని అక్కడినుంచి లేవగొట్టాలంటే నల్లగడిమీదికి వెళ్ళగల బలం కావాలి. నా శకటు తెలుపు గళ్ళది. మూలకు పక్కనున్న తెలుపుగడిని అది పట్టుకోగలదు, మూలను మాత్రం ముట్టుకోలేదు. పోనీ, పక్కగడులన్నీ పట్టుకుని కదలకుండా చేద్దామా అంటే, అది ఇంకా ప్రమాదం. రాజుకు చెక్ లేకుండా, వెయ్యడానికి ఒక్క ఎత్తయినా లేకుండా చేస్తే దాన్ని స్టేల్‌మేట్ అంటారు. స్టేల్‌మేట్ అయితే ఆట అక్కడికక్కడే డ్రా.

లెక్కకు చూస్తే ఆయనకంటె నాకు ఒక శకటు, ఒక బంటు ఎక్కువ. ఆయనకు రాజు తప్ప దిక్కులేదు. అయినా గెలవడానికి దారిలేదు. దేవుడు దిగివచ్చి నా పక్షాన కూర్చున్నా లేదు.

వెంటనే ఒప్పుకున్నానా? లేదు. ఆయన పొరపడి మూల వదిలి అవతలికి వెళితే చాలు, నా రాజు మూలదారిని అడ్డగించి బంటును నడిపించేస్తుంది. ఆ ఆశతో బంటును ఒక గడి తోశాను. మాస్టారు మూలనుంచి పక్కగడికి జరిగారు. ఇంకో గడి తోశాను. ఆయన మళ్ళీ మూలలోకి వెళ్ళారు. శకటును ఇటు తిప్పాను, అటు తిప్పాను. రాజును వెనక్కి తీసి, ఇంకోవైపునుంచి తీసుకువచ్చాను. ఆయన రాజు ఆ గడినుంచి ఈ గడికి, ఈ గడినుంచి ఆ గడికి, వీధి అరుగుమీద పెద్దాయన పచార్లు చేసినట్టు తిరుగుతోంది. చూస్తున్న పిల్లల్లో ఒకమ్మాయి ముసిముసిగా నవ్వింది. ఆ అమ్మాయికి పదేళ్ళుంటాయేమో. ఆ అమ్మాయికి కూడా తెలిసిపోయింది.

ఇలాంటి మొండివాళ్ళకోసమే కొన్ని నియమాలు పెట్టారు. ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా అడిగే హక్కుంది. బంటు కదలకుండా, ఏ పావూ చావకుండా ఇరుపక్షాలా యాభయ్యేసి ఎత్తులు గడిచినా అడగవచ్చు. అంతవరకూ లాగాలంటే లాగవచ్చు. నిర్వాహకుడు వచ్చి మా బల్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భోజనాలు అయిపోయి, విస్తళ్ళు ఎత్తేస్తున్న చప్పుడు వినబడుతోంది. గదిలో మిగిలిన ఆట మాదొక్కటే.

చివరికి శకటును ఒక గడి జరిపాను. మీట నొక్కలేదు. "డ్రా" అన్నాను. ప్రశ్నలాగా అందామనుకున్నానుగాని, గొంతు పెగలక మామూలు మాటలాగే వచ్చింది.

మాస్టారు తలెత్తి, ఆ రోజుకు మొదటిసారి, నా ముఖంలోకి చూశారు. "అలాగేనండీ" అని చెయ్యి చాచారు.

అరపాయింటు అంటే అంత తేలికగా తీసిపారేసేది కాదని పెద్దవాళ్ళ ఆటలు చూస్తే తెలుస్తుంది. 1927లో బ్వేనస్ ఎయిరిస్‌లో కాపాబ్లాంకా, అలెహిన్ ప్రపంచ విజేత బిరుదుకోసం 34 ఆటలాడితే అందులో 25 డ్రాలే. 2018లో లండనులో కార్ల్‌సన్, కరువానా ఆడిన 12 ఆటలూ డ్రాలే. చివరికి వేగం ఆటలు పెట్టి తేల్చవలసి వచ్చింది. ఇంతమంది గొప్పవాళ్ళు గెలవడం చేతకాక డ్రాలు చేసుకున్నారా? కాదు. గెలవనివ్వని ఎదుటివాడు దొరికాడు, అంతే.

అన్నిటికంటె నాకు నచ్చే కథ 1984లోది. మాస్కోలో కార్పోవ్‌తో కాస్పరోవ్ తలపడ్డాడు. ముందుగా ఆరు ఆటలు గెలిచినవాడే విజేత, డ్రాలు లెక్కకురావు. 27 ఆటలు అయ్యేసరికి కార్పోవ్ అయిదు గెలిచాడు, కాస్పరోవ్ ఒక్కటీ గెలవలేదు. ఇంకొక్కటి ఓడితే కథ ముగుస్తుంది. అక్కడినుంచి ఆ కుర్రవాడు ఓడనని కూర్చున్నాడు. డ్రా, డ్రా, మళ్ళీ డ్రా. ఆ డ్రాలతోపాటు మూడు ఆటలు గెలిచాడు. 48 ఆటలు, అందులో 40 డ్రాలు అయ్యాక 1985 ఫిబ్రవరిలో పోటీని మధ్యలోనే ఆపివేశారు. అదే ఏడు నవంబరులో కొత్తగా జరిగిన పోటీలో కాస్పరోవే విజేత అయ్యాడు. లెక్కకురాని ఆ డ్రాలే ఆయన్ను ఆ రోజుదాకా నిలబెట్టాయి.

డ్రాను నిలుపుకోవడం ఎంత కష్టమో చెప్పడానికి దూరం వెళ్ళనక్కరలేదు. గుకేష్ గెలిచిన పోటీలో 13 ఆటలు అయ్యేసరికి ఇద్దరూ సమానం. పధ్నాలుగో ఆట డ్రా వైపే నడుస్తోంది. డింగ్ తన ఏనుగును ఒక తప్పు గడికి జరిపాడు. ఆ ఒక్క ఎత్తుతో అరపాయింటు పోయింది, దానితో ప్రపంచ విజేత బిరుదే పోయింది. ఇక 2025 జులైలో బతూమి నగరంలో మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, నాగపూరు అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్ మహిళల ప్రపంచ కప్పు చివరిపోటీ ఆడారు. మొదటి రెండు ఆటలూ డ్రా. తరవాత వేగం ఆటల్లో గాని దివ్య నెగ్గలేకపోయింది. వయసులో సగం వున్న అమ్మాయితో హంపి, హంపి అంతటి అనుభవం గల ఆటగత్తెతో దివ్య, రెండు రోజులు ఒకరికొకరు లొంగలేదు. అటువంటి ఆటను "అటూ ఇటూ కానిది" అనడానికి నాకయితే నోరు రాదు.

మళ్ళీ మా కల్యాణమండపానికి వస్తాను. ఆట ముగిశాక ఇద్దరూ కూర్చుని, ఎక్కడ ఎవరు తప్పుచేశారో బోర్డుమీద వేసి చూసుకోవడం ఆటగాళ్ళలో పాత అలవాటు. నేను లేచి వెళ్ళిపోదామనుకుంటూ వుండగానే మాస్టారు బోర్డు చంకన పెట్టుకుని వరండాలోకి నడిచారు. అక్కడి బెంచీమీద పెట్టి, పావులను ఆ 51వ ఎత్తునాటి స్థితిలో పేర్చడం మొదలుపెట్టారు. నా శకటును ఒక గడి తప్పుగా పెట్టారు. తప్పును చూస్తూ వూరుకోలేక కూర్చుని సరిచేశాను.

"ఏమండీ," అన్నారు మాస్టారు, "ఇక్కడ లోపలి బంటును కాకుండా చివరి బంటును ముందు జరిపి వుంటే నా పని అయిపోయేది."

జరిపి చూశాం. నిజమే. చివరి బంటు ఒక గడి ముందుకు వచ్చి వుంటే, తరవాత లోపలి బంటు వెళ్ళినప్పుడు దానికి అండ అవుతుంది. మాస్టారి గుర్రం వచ్చి కొట్టినా, ఆ గుర్రాన్ని నా రాజు కొట్టనక్కరలేదు. ఆ బంటే ఏటవాలుగా కొడుతుంది. కొట్టి, చివరి వరుసనుంచి లోపలి వరుసలోకి వస్తుంది. ఆ వరుస చివరిగడి తెలుపు. నా శకటు తిరిగే రంగు. అప్పుడు ఆయన రాజుకు దాక్కునేందుకు మూలా లేదు, వాకిలీ లేదు.

"ఒక్క గడి," అన్నారు మాస్టారు, బంటును వేలితో అటూ ఇటూ జరుపుతూ. "ఇవతల వుంటే మీది, అవతల వుంటే నాది."

అని ఆగిపోయారు. నేనూ ఏమీ అనలేదు. వేలు బంటుమీదే వుండిపోయింది.

ఎవరో ఒకరు మాట్లాడాలి గనక, నేను స్టేల్‌మేట్ గురించి చెప్పాను. ఇంగ్లండులో ఒకప్పుడు, 17, 18 శతాబ్దాల్లో, ఎదుటివాణ్ణి ఎత్తు లేకుండా ఇరికిస్తే డ్రా కాదు, ఇరికించినవాడే ఓడినట్టు లెక్కవేసేవారు. "ఆ రోజుల్లో అక్కడ ఆడివుంటే, నా తొందరకు నేను ఓడే వుండేవాణ్ణి" అన్నాను. మాస్టారు నవ్వారు. ఆయన ముందుపళ్ళలో ఒకటి వూడిపోయింది. ఎప్పుడు వూడిందో నాకు తెలియదు. పక్కింట్లోనే వున్నాను.

"22వ ఎత్తులో నే నడిగినప్పుడు ఒప్పుకుంటే వేడిగా భోంచేసేవాళ్ళం" అన్నారు.

"ఒప్పుకోవలసిందే" అన్నాను.

గోడ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చల్లారిపోయిన పులిహోర తెచ్చుకుని, మార్పిళ్ళలో పోయిన బంటు సంగతి, ఆయన చూసుకోక వదిలిన బంటు సంగతి మాట్లాడుకుంటూ తిన్నాం. మధ్యాహ్నం ఆరో ఆటలో ఆ ముసిముసిగా నవ్విన అమ్మాయి నాకు జతపడింది. దాని ఫలితం ఇక్కడ చెప్పనక్కరలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ వుండగానే మా ఆవిడ కాఫీ కలుపుతూ అడిగింది: "మాస్టారితో పడిందటగా? గెలిచారా, ఓడారా?"

ఆ వార్త నాకంటె ముందే గోడ దాటి వచ్చింది.

"డ్రా అయింది" అన్నాను. పకోడీల పళ్ళెం వంక చూశాను. "నేను గెలవవలసిన ఆటే. ఆయన గుర్రాన్ని వదులుకుని నిలబెట్టుకున్నారు. మామూలు ఎత్తు కాదు."

ఆవిడ గ్లాసు చేతిలో పట్టుకుని, ఇవ్వకుండా అలాగే నిలబడింది. పెరటివైపు తలుపు తీసివుంది. గోడకు అవతల కూడా ఎవరో అదే ప్రశ్న అడిగారు. మేమిద్దరం చప్పుడు చెయ్యకుండా విన్నాం.

"ఓడవలసిన ఆట," అంటున్నారు మాస్టారు, "ఆయన చివరిదాకా బాగా ఆడాడు. ఆ ఒక్క ఎత్తూ సరిగా వేసివుంటే నా పని పట్టేవాడు. వచ్చే ఆదివారం మన అరుగుమీద ఇంకో ఆట వేద్దామని అడుగుదామనుకుంటున్నాను. వస్తాడంటావా?"

మా ఆవిడ నా వంక చూసింది. నేను కాఫీ అందుకున్నాను. కాస్త చిక్కగానే వుంది.